ఎదురొచ్చినది పిల్లియా, మనమా?

పోయిన వారం గుడివాడలో ఉండే నా పూర్వ విద్యార్థి ఒకడు ఫోనులో కొన్ని ఛాయాచిత్రాలు పంపించాడు. గ్రీకు దేశంలోని ఏదో చిన్న ద్వీపమట. సున్నం కొట్టిన గోడలు, నీలి తలుపులు, మెట్టుమెట్టుకూ ఒక పిల్లి. "చూడండి మాస్టారూ, ఆ మనుషులకెంత దయో!" అని కింద వ్రాశాడు. చదివి సంతోషించాను.

మూడు రోజులు తిరగకుండానే పనిబడి వాడి ఇంటికి వెళ్ళాను. అటకమీద పిల్లి ఈనిందట. కళ్ళు తెరవని నాలుగు కూనలను ఆ ఉదయమే గోనెసంచిలో వేసి కాలువ అవతల వదలి వచ్చారట. తల్లి దొరకలేదు. నేనున్నంతసేపూ అది అటకకూ గుమ్మానికీ నడుమ అరుస్తూ తిరుగుతూనే ఉంది. అడిగితే, "ఇంట్లో పిల్లి ఈనితే అరిష్టమంటారు కదండీ" అన్నాడు.

ఏజియన్ సముద్రపుటొడ్డున అందమైన జీవి మన కాలువగట్టున అరిష్టమెట్లా అయింది? ఈ రెండు నాల్కల ధోరణితోనే నా తగవు.

శాస్త్రం అంటారా? ఏ శాస్త్రం? నిఘంటువు తెరవండి. 'మార్జారము' అన్న మాట శుభ్రపరచుట అనే అర్థమున్న ధాతువు నుండి వచ్చింది. రోజంతా ఒళ్ళు నాకి తుడుచుకునే జీవికి పూర్వులు పెట్టిన పేరది. దానిని అశుచి అన్నది మనం. తల్లిపిల్లి కూనను నోట కరచుకొని పోయే తీరునే శ్రీవైష్ణవులు భగవంతుని కృపకు ఉపమానంగా చెప్పి, 'మార్జాల కిశోర న్యాయ'మన్నారు. వంగదేశంలో బిడ్డలను కాపాడే షష్ఠీదేవికి వాహనం పిల్లి. హితోపదేశంలోని దీర్ఘకర్ణుడు దొంగ జపం చేసిన మాట నిజమే. కాని ఆ కథ చెప్పినది దొంగ మనుషులను గూర్చి. వారిని వదలి పిల్లిని పట్టుకున్నాం!

ఇక శకునం. పిల్లికి ఒక వైపు కూనలుంటాయి, మరొక వైపు చేపలబుట్ట ఉంటుంది. నడుమ మనం దారి వేసుకున్నాం. దాని ప్రయాణానికి అడ్డు వచ్చినది మనమే కదా! మనకు కాఫీ తాగి బయలుదేరితే దోషం పోతుంది. దాని దోషం పోవడానికి ఏ పరిహారమూ లేదు.

మనది వరి పండే సీమ. ధాన్యమున్న చోట ఎలుక తప్పదు. యానాదులు బుట్టలు పెట్టి పొలాలలో ఎలుకలు పట్టడం ఇక్కడి వారందరూ ఎరిగినదే. ఇంటిలో ఆ పని కూలి అడగకుండా చేసేది పిల్లి. దానిని వెళ్ళగొట్టి అంగడిలో ఎలుకలమందు కొంటున్నాం. ఆ మందు తిన్న ఎలుకను తిని పక్కింటి పిల్లి చస్తే, అదీ అరిష్టమే అంటాం.

నా వాదానికి ఎదురు లేదనను. పిల్లి పాలు తాగుతుంది, రక్కుతుంది. రక్కితే కడిగి, వైద్యునికి చూపి సూది వేయించుకోవలసిందే. సంతతి పెరిగితే పశువైద్యుని చేత శస్త్రచికిత్స చేయించవచ్చు. అది ఖర్చు, గోనెసంచి ఉచితం. అసలు కారణం ఇదే. శకునం దానికి కప్పిన పట్టుశాలువా. జంతుహింసా నివారణ చట్టం 1960లోనే వచ్చింది. సంచి ముడి వేసేటప్పుడు అది ఎవరికి గుర్తొస్తుంది?

ఇదే బుద్ధి దివిసీమ దిగువన మరింత పెద్ద చేటు చేసింది. కృష్ణ సాగరంలో కలిసే చోట మడ అడవులలో బావురుపిల్లి ఉంటుంది. నీటిలో దిగి చేపలు పట్టే పిల్లి అది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానిని మొదటి షెడ్యూలులో చేర్చింది. కాగితం మీద దానికున్నది పులికున్న రక్షణే. కాని దాని ఇల్లైన మడను చాలాచోట్ల నరికి రొయ్యల చెరువులు తవ్వాం. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన సీమ ఇది. అలల ఉధృతిని తగ్గించే చెట్లవి. పిల్లి ఇల్లు కూల్చినవాడు తన ఇంటి గోడనూ కూల్చుకున్నాడు.

ఆ సాయంత్రం నేనూ నా విద్యార్థీ టార్చిలైటు పట్టుకొని కాలువ దాటి వెదికాం. రెండు కూనలు దొరికాయి. మిగిలిన రెండింటి సంగతి వ్రాయలేను. దొరికినవాటిని అటక కింద పెట్టగానే తల్లి వచ్చి ఒక్కొక్కదానినే నోట కరచుకొని పైకి చేర్చింది. వాడు మాట్లాడలేదు. కాసేపటికి, "ఫోటో తీయనా మాస్టారూ?" అన్నాడు.

"వద్దు నాయనా, ముందు తల్లికి కాసిని పాలు పొయ్యి" అన్నాను.

చదువరులారా, గ్రీకు ద్వీపానికి పోయి పిల్లులను మెచ్చుకోనక్కరలేదు. మీ అటక చాలు.