మోజు చాలదు, మల్టీమీటర్ కావాలి

2024 జనవరి కోసం అమెరికాలో ఎందరో కారు ప్రియులు ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్34 జపాన్‌లో అమ్మకానికి వచ్చింది 1999 జనవరిలో. అమెరికా భద్రతా ప్రమాణాల ప్రకారం తయారుకాని విదేశీ కార్లను 1988 నాటి చట్టం ఆ దేశంలోకి రానివ్వదు. తయారై 25 ఏళ్ళు నిండిన బండికి మాత్రం మినహాయింపు ఉంది. ఏడాది కాదు, తయారైన నెల చూసి మరీ లెక్కగడతారు. అందుకే ఆ జనవరి రాగానే తొలి ఆర్34లకు దారి తెరుచుకుంది. కెనడాలో గడువు 15 ఏళ్ళే కాబట్టి అక్కడివాళ్ళు పదేళ్ళ ముందే ఈ ముచ్చట తీర్చుకున్నారు.

1995లో షుయిచి షిగెనో మొదలుపెట్టిన ‘ఇనిషియల్ డి’ బొమ్మల కథ, 1997 చివర్లో ప్లేస్టేషన్ మీదికి వచ్చిన ‘గ్రాన్ టురిస్మో’ ఆట, 2001 నాటి ‘ద ఫాస్ట్ అండ్ ద ఫ్యూరియస్’ సినిమా ఈ మోజును పెంచాయి. ఒక తరం ఈ కార్లను తెర మీద నడిపాకే రోడ్డు మీద చూసింది. ఆ తరంలో హైదరాబాద్‌లోనో గుంటూరులోనో చదువుకుని ఇప్పుడు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం చేస్తున్నవాళ్ళూ ఉంటారు. చిన్ననాటి కలకు నేడు చేతిలో డబ్బూ, చట్టంలో దారీ రెండూ ఉన్నాయి. తొలి సినిమాలో కనిపించిన నారింజ రంగు టయోటా సుప్రా 2021 వేలంలో 5.5 లక్షల డాలర్లు పలికింది. నటుడు పాల్ వాకర్ ఆ సినిమా మరో భాగంలో నడిపిన ఆర్34 2023లో 13 లక్షల డాలర్లు దాటింది. అవి సినిమా చరిత్రకు కట్టిన ధరలు. వాటిని చూసి మామూలు స్కైలైన్‌కు కూడా అమ్మేవాడు ఎంత చెబితే అంత ఇచ్చేయడం ఈ అభిరుచికి పట్టిన పెద్ద జబ్బు.

కారణం ఒక్కటే. కొనేవాళ్ళలో చాలామంది పేరు చూసి కొంటున్నారు, బండి స్థితి చూసి కాదు.

పేరు గొప్పదే, ఆ మాట కాదనలేం. 1989లో వచ్చిన స్కైలైన్ ఆర్32 జీటీ-ఆర్‌లో 2568 సీసీ ఆరు సిలిండర్ల ఇంజిన్, రెండు టర్బోలు ఉండేవి. జపాన్ కంపెనీలు తమలో తాము చేసుకున్న ఒప్పందం ప్రకారం కాగితం మీద 280 హార్స్‌పవరే చూపించేవాళ్ళు. 1990 నుంచి 1993 దాకా జపాన్ గ్రూప్ ఏ టూరింగ్ కార్ల పోటీలో 29 రేసులు జరిగితే 29 గెలిచింది. ఆస్ట్రేలియాలో 1991, 1992 బాథర్స్ట్ రేసులనూ గెలిచి ‘గాడ్జిల్లా’ అనిపించుకుంది. కానీ రేసులు గెలిచిన కారు వేరు, ముప్పై ఐదేళ్ళుగా వానకూ మంచుకూ తడిసి, నలుగురైదుగురు యజమానుల చేతులు మారి ఓడెక్కుతున్న కారు వేరు. ఈ రెండోదాని సంగతి చెప్పేది దాని కాగితాలే.

జపాన్‌లో పాత కార్ల వ్యాపారం చాలావరకు డీలర్ల వేలాల మీద నడుస్తుంది. వాటిలో అతి పెద్దది యూఎస్ఎస్. వేలానికి వచ్చే ప్రతి కారునూ ఇన్‌స్పెక్టర్లు చూసి ఒక పత్రం రాస్తారు. పైన మొత్తం మీద గ్రేడు, పక్కన లోపలి భాగాలకు ఏ, బీ, సీ, డీ అక్షరాలు, కింద కారు బొమ్మ ఉంటాయి. ఆ బొమ్మ మీద ఏ అంటే గీత, యూ అంటే సొట్ట, డబ్ల్యూ అంటే డెంటింగ్ చేసిన ఆనవాలు, ఎస్ అంటే తుప్పు, డబుల్ ఎక్స్ అంటే ఆ భాగమే మార్చేశారని. అక్షరం పక్కన అంకె ఎంత పెద్దదైతే లోపం అంత పెద్దది. గ్రేడు దగ్గర ఆర్ అని ఉంటే ప్రమాదంలో చాసిస్ దెబ్బతిని రిపేరు అయిందని అర్థం. ఇంత నిజాయతీగా, ఇంత విస్తారంగా లోపాలు రాసిపెట్టే పాత కార్ల సంత అరుదు. అయినా 4 గ్రేడు కనబడగానే సంబరపడిపోయి, అడుగున ఇన్‌స్పెక్టరు జపనీస్‌లో రాసిన నాలుగు ముక్కలను చదివించుకోకుండా డబ్బు పంపేవాళ్ళున్నారు. కారు కింద తుప్పు ఉందనీ, టర్బోలు మార్చారనీ, మీటరు మార్చారనీ రాసేది ఆ నాలుగు ముక్కల్లోనే.

తుప్పు సంగతి ఇంకొంచెం చెప్పుకోవాలి. హొక్కైదో, నీగాతా లాంటి మంచు ప్రాంతాల్లో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి లవణాలు చల్లుతారు. అవి కారు అడుగుకు పట్టి ఏళ్ళ తరబడి తింటాయి. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. వెనక చక్రాల పైఅంచుల్లో, తలుపుల కింది సిల్స్‌లో, జాకీ పెట్టే చోట రేకు పొరలు పొరలుగా ఊడుతుంది. ఇంజిన్‌ను దించి బాగుచేయొచ్చు. తుప్పు తిన్న చాసిస్‌ను బాగుచేయాలంటే కారు కొన్నంత ఖర్చు అవుతుంది. అందుకే కారు ఏ ప్రాంతంలో తిరిగిందన్నది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న దానికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న.

ఇలాంటి కార్లు ఇంకా మంచి స్థితిలో దొరకడానికి జపాన్ చట్టమే కారణం. కొత్త కారుకు మూడేళ్ళకు, ఆ తర్వాత ప్రతి రెండేళ్ళకు ‘షాకెన్’ అనే కఠినమైన తనిఖీ తప్పదు. పెట్రోలు కారుకు 13 ఏళ్ళు దాటితే వార్షిక పన్నూ పెరుగుతుంది. ఆ ఖర్చు వద్దనుకున్నవాళ్ళు కారును వేలానికి పంపుతారు. నిండా సర్వీసు చేయించిన బండి ఓడెక్కడానికి అదొక దారి.

బండి ఇంటికొచ్చాక అసలు పరీక్ష మొదలవుతుంది. 1990ల నాటి హోండాల్లో బాగా తెలిసిన ఒక జబ్బు చూడండి. ఎండలో గంటసేపు నిలిపిన కారు స్టార్టు కాదు. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతుంది గానీ అందుకోదు. సాయంత్రం చల్లబడ్డాక ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. తెలియనివాళ్ళు పెట్రోలు పంపు మారుస్తారు, డిస్ట్రిబ్యూటర్ మారుస్తారు, బ్యాటరీ మారుస్తారు. లోపం చాలాసార్లు డాష్‌బోర్డు కింద ఉండే మెయిన్ రిలేలో ఉంటుంది. దాని లోపలి సోల్డరింగ్ ఏళ్ళు గడిచేసరికి సన్నగా బీటలు వారి, వేడికి విడిపోతుంది. తాళం తిప్పగానే పంపు రెండు సెకన్లు గుయ్యిమనాలి. వేడి మీద ఆ చప్పుడు రాకపోతే అనుమానించాల్సింది ముందు రిలేనే. దాన్ని విప్పి మళ్ళీ సోల్డరింగ్ చేస్తే వందల డాలర్ల రిపేరు పది నిమిషాల పని అవుతుంది.

మిత్సుబిషి కార్లది మరో కథ. 1990ల మిత్సుబిషి ఈసీయూల్లో, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్లలో, కెపాసిటర్లు కారి, ఆ రసాయనం సర్క్యూట్ బోర్డును తినేస్తుంది. ఇంజిన్ ఐడిలింగ్ తప్పుతుంది, ఒక్కోసారి స్టార్టే కాదు. ఈసీయూ మూత తీస్తే చేపల వాసన వస్తుంది. తొందరగా కనిపెడితే కొత్త కెపాసిటర్లు వేసి బోర్డును కాపాడుకోవచ్చు. మాజ్దా ఆర్ఎక్స్-7 మూడో తరంలో రెండు టర్బోలను ఒకదాని తర్వాత ఒకటి పని చేయించేందుకు పెట్టిన వాక్యూమ్ గొట్టాల గుంపు ఉంది. రోటరీ ఇంజిన్ వేడికి ఆ రబ్బరు గట్టిపడి చిట్లుతుంది. పికప్ పడిపోయిందని టర్బోలనే మార్చేసినవాళ్ళకు చివరికి దొరికేది చిట్లిన ఒక సన్నటి గొట్టం.

ఈ తరం కార్లలో చాలావాటికి ఇప్పటి ఫోన్ స్కానర్లు సరిపోవు. కానీ వాటికి వాటి పద్ధతి ఉంది. ఆర్32లో ముందు ఎడమ సీటు కాళ్ళ దగ్గరి ప్యానెల్ వెనక ఈసీయూ ఉంటుంది. దాని మీది చిన్న ఎర్రదీపం మెరుపుల లెక్కతో లోపం చెబుతుంది. 13 అంటే నీటి వేడి చూసే సెన్సర్, 55 అంటే ఏ లోపమూ నమోదు కాలేదని. పాత టయోటాల్లో బానెట్ కింది డయాగ్నస్టిక్ పెట్టెలో టీఈ1, ఈ1 పిన్నులను ఒక తీగతో కలిపితే చెక్ ఇంజిన్ లైటు అదే పని చేస్తుంది. హోండాలో పొడుగు మెరుపులు పదులు, పొట్టి మెరుపులు ఒకట్లు. ఒక తీగ, ఒక మల్టీమీటర్, ఫ్యాక్టరీ సర్వీసు మాన్యువల్ ఉంటే ఇంట్లోనే సగం జబ్బులు తేలిపోతాయి. నాడి చూసి మందు ఇచ్చే వైద్యుడి ఓపిక ఉంటే చాలు. అనుమానం మీద భాగాలు మార్చుకుంటూ పోయే అలవాటు మాత్రం ఈ కార్లకు ప్రాణాంతకం, ఎందుకంటే తీసి పారేసిన భాగం మళ్ళీ తయారవుతుందన్న భరోసా లేదు.

టర్బో ఒత్తిడిని, అంటే బూస్ట్‌ను, పెంచే తొందర అంతకన్నా చెడ్డది. ఆర్32 కంపెనీ టర్బోల్లో టర్బైన్ చక్రాలు సెరామిక్‌వి. బూస్ట్ బాగా పెంచితే ఆ చక్రం ఇరుసు నుంచి ఊడి పగిలిపోతుంది. తొలి ఆర్32ల్లో ఆయిల్ పంపును తిప్పే క్రాంక్ కాలరు ఇరుకుగా ఉండేది. ఇంజిన్‌ను మితిమీరి తిప్పితే పంపు గేరు పగిలి ఇంజిన్ మొత్తం పోయేది. రేసు వీరగాథలు తెలిసిన కొత్త యజమాని ఈ రెండు సంగతులూ తెలుసుకోకుండా యాక్సిలరేటర్ తొక్కడం క్షమించదగ్గ విషయం కాదు.

జపాన్ కంపెనీలు ఒక మంచి పని చేశాయి. ఎన్ఎస్ఎక్స్ యజమానుల కార్లను విప్పి బాగుచేసే రిఫ్రెష్ ప్లాన్‌ను హోండా 1993లోనే మొదలుపెట్టింది. నిస్సాన్ 2017 చివర్లో నిస్మో హెరిటేజ్ పేరుతో ఆర్32 విడిభాగాలను మళ్ళీ తయారు చేయించింది. మొదటి తరం రోడ్‌స్టర్‌కు మాజ్దా, పాత సుప్రాలకు టయోటా అదే దారి పట్టాయి. వైరింగ్ హార్నెస్, రబ్బరు బీడింగులు, గొట్టాల లాంటివి చూడ్డానికి చిన్నవే. అవి దొరక్కే ఎన్నో మంచి కార్లు షెడ్లలో మూలనపడ్డాయి.

భారత్‌లో మాత్రం ఈ తరం కార్లకు దారి లేదు. వాడిన కారు తేవాలంటే అది మూడేళ్ళ లోపుదై ఉండాలి. 1950కి ముందువాటికే ఉన్న పాతకార్ల వెసులుబాటును కేంద్రం 2025లో 50 ఏళ్ళు దాటిన వాహనాలన్నిటికీ విస్తరించింది. మంచి నిర్ణయం. 1970ల ఆరంభం నాటి డాట్సన్ 240జెడ్ ఇప్పుడు రావచ్చు. 1989 నాటి ఆర్32 మాత్రం 2039 దాకా ఆగాలి. అప్పటికి దాని రబ్బరూ, వైరింగూ, వాటి సంగతి తెలిసిన మెకానిక్కులూ ఏ మేరకు మిగులుతారు?

పాత కార్ల దిగుమతికి అడ్డు చెప్పేవాళ్ళ భయంలో న్యాయం ఉంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2020 నివేదిక ప్రకారం 2015-18 మధ్య 1.4 కోట్ల వాడిన చిన్న వాహనాలు సరిహద్దులు దాటాయి. వాటిలో ఎక్కువ భాగం పేద, మధ్యాదాయ దేశాలకే చేరి పొగనూ ప్రమాదాలనూ పెంచాయి. కాబట్టి గేట్లు బార్లా తెరవమని ఎవరూ అడగకూడదు. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ‘వీఏ’ వరసతో నంబరు, 20 వేల రూపాయల రుసుము, రోజువారీ వాడకంపై నిషేధం పెట్టింది. అవే షరతులతో, ఏటా పరిమిత సంఖ్యలో, చాసిస్ ప్రమాదం లేదని వేలం పత్రం ఉన్న బండ్లకు 30 ఏళ్ళ గీత గీస్తే చెత్త కార్లు రావు, మంచివి ఆగిపోవు.

ఆ గీత మారేలోపు మన ఇళ్ళ ముందే ఉన్న జపాన్ కార్ల సంగతి చూడాలి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800, 1985 నాటి జిప్సీ, 1993 నాటి జెన్, 1998లో వచ్చిన తొలి హోండా సిటీ, అదే ఏడాది హిందుస్థాన్ మోటార్స్ తమిళనాడులో తయారుచేసిన లాన్సర్, ఇవన్నీ జపాన్ బుర్రల్లో పుట్టిన బండ్లే. తెలుగు నేలకూ ఈ చరిత్రలో భాగం ఉంది. జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ ట్రక్కులు తయారయ్యాయి. శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు పికప్‌లు తయారవుతున్నాయి. విజయవాడ ఆటోనగర్‌లో చేయి తిరిగిన మెకానిక్కులకు కొదవ లేదు. వాళ్ళకు కరువైనవి విడిభాగాలే.

జెన్ తలుపు రబ్బరు, సిటీ వీటెక్ డిస్ట్రిబ్యూటర్, లాన్సర్ సస్పెన్షన్ బుష్‌ల కోసం తుక్కు దుకాణాలు తిరగాల్సిన అవసరం యజమానికి ఉండకూడదు. కంపెనీలు ఏ పాత భాగం ఇంకా తయారవుతోందో, ఏది ఆపేశారో జాబితా బయటపెట్టాలి. ఆపేసినవాటిలో వందల మంది అడిగేవాటిని ముందస్తు ఆర్డర్లు తీసుకుని విడతగా తయారు చేయించవచ్చు. పాత మోడళ్ళ సర్వీసు మాన్యువళ్ళను చిన్న షెడ్లకు కూడా అమ్మాలి. ఆర్32 కోసం జపాన్‌లో చేసిన పనిని జెన్ కోసం ఇక్కడ చేయడానికి ఏ చట్టమూ అడ్డురాదు.