బొచ్చెకూ శీలావతికీ పెళ్ళి

రెండేళ్ళ క్రితం మా జి.కొండూరు దగ్గర నాన్నా, మరో నలుగురు రైతులూ కలిసి ఒక చెరువు పాడుకున్నారు. బొచ్చె అని తెచ్చిన పిల్లలో సగం పెరిగాక బొచ్చె కాదు, శీలావతీ కాదు. కొనవచ్చిన వ్యాపారి నవ్వి ధర తగ్గించాడు. "ఇవేం చేపలురా?" అని నాన్న బి.ఎస్సీ. చదువుతున్న నన్ను అడిగాడు. సీసాలో ఫార్మలిన్ చేపను గుర్తుపట్టే చదువు నాది. నోరు మెదపలేకపోయాను.

తరువాత చదివి తెలుసుకున్నాను. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు మూడింటికీ క్రోమోసోములు 50. కలిస్తే పిల్లలు బతుకుతాయి, ఆ పిల్లలకూ సంతానం కలగవచ్చు. అయినా నదిలో ఈ సంకరం అరుదు. వరదనీటిలో ఏ జాతి ఆ జాతితోనే చాలా మటుకు జత కడుతుంది. (దీన్ని మన కులాల పెళ్ళిళ్ళకు ముడిపెట్టేవాళ్ళుంటారు. మనుషులందరిదీ ఒకే జాతి, ఆ పోలిక చెల్లదు.)

ఎంపిక చెడితే ఏమవుతుందో ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు చెబుతుంది. అక్కడ ఎర్ర మగచేపల జాతి ఒకటి, నీలి మగచేపల జాతి ఒకటి. తేటనీటిలో ఆడచేప రంగు చూసి తనవాణ్ణి ఎంచుకుంటుంది. నీళ్ళు మురికై రంగు కనబడనిచోట జాతులు కలిసిపోతున్నాయని ఓలే సీహౌసెన్, ఆయన సహచరులు 1997లో చూపించారు.

మనం అంతకంటే ఒక అడుగు ముందుకేశాం. నిలవనీటిలో గుడ్లు పెట్టని మన చేపల చేత 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ ఇంజక్షన్‌తో గుడ్లు పెట్టించారు. అది లేకపోతే ఇవాళ కైకలూరు చెరువులూ లేవు! నేను తప్పుపట్టేది దాన్ని కాదు. ఖర్చు కలిసొస్తుందని ఒకే గుండ్రని తొట్టిలో, ఒకే రాత్రి, రెండు మూడు జాతులను వదలడాన్ని. అక్కడ స్వయంవరమెక్కడిది? గుడ్డుకు ఏ శుక్రం ముందు తగిలితే వాడే తండ్రి.

సంకరం శీలావతి కంటే త్వరగా ఎదుగుతుంది, బొచ్చె కంటే తల చిన్నది, మంచిదేగా అంటాడు మా క్లాసు మిత్రుడొకడు. తెలిసి పెంచుకుంటే సరే. తెలియకుండా అవే రేపు తల్లిచేపలైతే? బొచ్చె పైనీటి మేత, శీలావతి నడిమినీటి మేత, మోసు అడుగు మేత తింటాయని కదా మూడింటినీ కలిపి వేస్తాం. ఆ లెక్క తప్పుతుంది. పైగా 2024 సెప్టెంబరులో బుడమేరు ఎలా పొంగిందో చూశాం. గట్టు తెగితే చెరువు చేప ఏట్లో పడుతుంది, ఏరు కొల్లేటికి పోతుంది. నదిలో మిగిలిన అసలు విత్తనమూ అంతటితో కల్తీ.

ఒక తొట్టికి ఒకే జాతి అన్న నియమం పెట్టి, పిల్ల అమ్మేవాడి చేత రసీదు మీద జాతి రాయించాలి. మన జువాలజీ ప్రాక్టికల్స్‌లో సీసాలతోపాటు ఒక్కరోజైనా చెరువుగట్టు ఉండాలి.

ఈ తొలకరికి పిల్ల కొనడానికి నాన్న నన్నూ రమ్మన్నాడు. వేలెడంత పిల్లను చూసి జాతి చెప్పడం నావల్ల కాదు. ఏ తొట్టిలో పుట్టిందో, ఆ రాత్రి పక్కన ఎవరున్నారో మాత్రం అడుగుతాను.