పళ్ళకి తీగలు - ఇంటి వైద్యం ఎందాకా?

28 ఏళ్ళొచ్చాక పళ్ళకి క్లిప్పులేంటి బాబూ అని మా టీములో అందరూ నవ్వారు. పదిహేనేళ్ళప్పుడు వేయించడానికి ఇంట్లో డబ్బుల్లేవు, ఇప్పుడు నా జీతంతో నేను వేయించుకుంటున్నా, తప్పేముంది? మా అమ్మయితే "సంబంధాలు చూసే టైములో ఈ తీగలేంట్రా నాయనా" అని ఒకటే గోల. సరే, అదలా ఉంచండి.

క్లిప్పులు వేయించుకుని 11 నెలలైంది. నేను గమనించిందేంటంటే, వీటితో ఉన్నవాళ్ళు రెండు రకాలు. కాస్త నొప్పికే కంగారు పడిపోయేవాళ్ళు ఒకరు, తీగ ఊడొచ్చినా "తర్వాత చూద్దాంలే" అనేవాళ్ళు ఇంకొకరు. నేను రెండో రకం. ఫలితం కూడా అనుభవించాను.

ముందు నొప్పి సంగతి. తీగ బిగించిన రోజు సాయంత్రానికి మొదలవుతుంది, మర్నాడు బాగా ఎక్కువుంటుంది, 3-4 రోజుల్లో, మహా అయితే వారంలో సర్దుకుంటుంది. ఇది జబ్బు కాదండీ. పన్ను మీద ఒత్తిడి పడితే ఒకవైపు ఎముక కరిగి, రెండోవైపు కొత్త ఎముక పుడుతుంది. పన్ను కదలాలంటే అదొక్కటే దారి. దీనికి పెరుగన్నం, ఉప్మా, మరీ అవసరమైతే డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ చాలు. చల్లటి నీళ్ళు పుక్కిలించినా హాయిగా ఉంటుంది. దానికో ఇంజినీరింగ్ కారణం ఉంది. మొదట్లో సాధారణంగా వేసే తీగ నికెల్-టైటానియం. నోటి వేడికి బాగా లాగుతుంది, చల్లబడితే కాసేపు పట్టు సడలిస్తుంది. ఇంజినీరింగ్‌లో చదివి మర్చిపోయిన మెటీరియల్ సైన్సు ఇన్నాళ్ళకి ఇలా పనికొచ్చింది :)

బుగ్గ లోపల ఒరుసుకుని పుండు పడితే గ్లాసు గోరువెచ్చటి నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించాలి. గుచ్చుకునే చోట టిష్యూతో తడి తుడిచి, డాక్టరిచ్చిన మైనం శనగగింజంత తీసుకుని అద్దాలి. తడి తుడవకపోతే అది నిలవదు. తీగ కొస పొడుచుకొస్తే పెన్సిల్ వెనక ఉండే కొత్త రబ్బరుతో మెల్లగా లోపలికి నొక్కి, పైన మైనం పెట్టాలి. లవంగనూనె నేరుగా పోసుకోకండి, లోపలి చర్మం కాలుతుంది. ఇంట్లో ఉన్న ప్లయర్సుతో తీగ కత్తిరించే సాహసం అసలే వద్దు. ముక్క గొంతులోకి జారితే అదో గొడవ.

ఇక నా ఘనకార్యం. మొన్న వేసవిలో ఊరెళ్తే కొత్తావకాయ. ముక్కకి టెంక ఉంటుందని తెలుసు, కొరకకూడదనీ తెలుసు. కొరికాను. టక్! కింద ఎడమవైపు బ్రాకెట్ ఊడి, తీగ మీద గాజులా తిరగడం మొదలెట్టింది. నొప్పేమీ లేదు. మైనం పెట్టేశా. వచ్చాక రిలీజు, ఆ తర్వాత ఇంకో రిలీజు... అలా 6 వారాలు.

చివరికి వెళ్తే డాక్టరమ్మ చూసి, "ఫోనైనా చెయ్యలేదేం?" అంది. నొప్పి లేదు కదండీ అన్నా. "అదేగా సమస్య! ఆ పన్ను మీద ఒత్తిడే లేదు. ఇన్నాళ్ళూ కదిలిందంతా వెనక్కి వెళ్ళిపోయింది." మళ్ళీ సన్న తీగతో మొదలు. నా ట్రీట్‌మెంటు 4 నెలలు వెనక్కి.

నాకు బుద్ధొచ్చింది అక్కడే. నొప్పిని బట్టి సమస్య ఎంత పెద్దదో కొలవకూడదు. మన భాషలో చెప్పాలంటే, ఎర్రర్ రాలేదంటే జాబు సరిగ్గా నడిచిందని కాదు, అసలు నడవలేదేమో చూడాలి. తీగ బిగించాక వచ్చే నొప్పి పని జరుగుతోందన్నమాట, ఇంట్లోనే ఓర్చుకోవచ్చు. ఊడిన బ్రాకెట్ నొప్పి పెట్టకపోయినా ఆ రోజే ఫొటో తీసి డాక్టరుకి పంపాలి. మైనం వర్కెరౌండే, ఫిక్సు కాదు. ముఖం వాచినా, జ్వరమొచ్చినా ఇంటి వైద్యం కట్టిపెట్టి వెంటనే వెళ్ళాల్సిందే. ముక్క ఊడి గొంతులోకి పోయి దగ్గో, ఆయాసమో వస్తే నేరుగా ఆసుపత్రే.

ఇంకోమాట. క్లయింటు సర్వరు ఆగిపోతే అర్ధరాత్రి రెండింటికి లేచి కూర్చుంటాం. మన నోట్లో ఊడిన దానికి గంట పర్మిషన్ అడగడానికి మాత్రం 6 వారాలు మొహమాటం. నన్నెవరూ ఆపలేదు, అడిగితే మా మేనేజరు కాదనేవాడూ కాదు. నేనే అడగలేదు. "చిన్నదేలే" అని మనకి మనమే ప్రయారిటీ తగ్గించుకోవడం మన కులవృత్తి అయిపోయింది.

అన్నట్టు, మొన్న అమ్మ పంపిన ఆవకాయ సీసాలో ఒక్క టెంకా లేదు. కూర్చుని ఒక్కో ముక్కా ఏరి తీసిందట. తీగలేంట్రా అన్న మనిషే!