వేసవి బట్టలు – ఇంటి కుట్టుపని – గంటల లెక్క

ఫాల్గుణ మాసము ముగియవచ్చినది. కొత్త అమావాస్యనాడు అనకాపల్లిలో నూకాలమ్మ జాతర, మరునాడు ఉగాది. చెరకు సొమ్మో బెల్లపు సొమ్మో కొంత చేతికి వచ్చిన యిండ్లలో ఈ దినములయందే పిల్లలకును పెద్దలకును క్రొత్త బట్టలు కొనుట మన చోడవరము ప్రాంతమున వాడుక. అంగడిలో వ్రేలాడుచున్న రెడీమేడు బట్టల రంగు చూతుము, వెల యడుగుదుము, బేరమాడి తెత్తుము. ఆ బట్ట యే పోగుతో నేసినదో, వైశాఖపు టెండలో దానిని తొడిగినవారి యొడలు ఎట్లుండునో విచారించుట మాత్రము అరుదు. ఈ మాసమున మేము ఆ విచారణకే పూనుకొనుచున్నాము.

మా యభిప్రాయమును ముందుగనే చెప్పుదుము. వేసవి బట్ట నూలుబట్ట కావలెను. సాధ్యమైనంతవరకు దానిని ఇంటనే కుట్టుకొనవలెను. కుట్టిన చేతులు వెచ్చించిన గంటలను లెక్క వ్రాయవలెను. ఈ మూడవ మాటను విడిచి మొదటి రెండింటిని మాత్రమే బోధించుట స్త్రీలకు న్యాయము కాదని మా నిశ్చయము.

చోడవరము 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన విశాఖపట్టణము జిల్లానుండి విడివడి అనకాపల్లి జిల్లాలో చేరినది. జిల్లా మారినను ఎండ మారలేదు. సముద్రము మిక్కిలి దూరము కానందున మన వేసవియందు ఎండతోపాటు గాలిలో తేమయు నుండును. చెమట పట్టును గాని త్వరగా ఆరదు. చెమట ఆరిననే యొడలు చల్లబడును. కావున చెమటను పీల్చి గాలికి విడుచు బట్టయే యిచ్చట వేసవి బట్ట. సాధారణపు గాలిలో నూలు తన బరువులో నూటికి సుమారు ఎనిమిది పాళ్ల తేమను ఇముడ్చుకొనును. పాలియెస్టరు అర పాలు తేమనైనను ఇముడ్చుకొనదు. నేతను బట్టియు, బట్ట దళసరిని బట్టియు భేదములున్నను, ఈ మూల గుణము మారదు.

పాలియెస్టరును మేము దూషింపబూనలేదు. 1941లో ఇంగ్లాండున విన్‌ఫీల్డు, డిక్సను అను రసాయనికులు కనుగొన్న ఆ పోగు మన్నిక గలది, ఉతికిన వెంటనే ఆరును, ఇస్త్రీ యంతగా నక్కరలేదు, వెలయు తక్కువ. వానకాలమున అది యుపకరించును. కాని యెండలో పని చేయు రైతునకును, బెల్లము వండు పొయ్యి ముందు నిలుచువారికిని, వంటయింటి యాడువారికిని అది తగినది కాదు. నిప్పు సోకినప్పుడు ఆ పోగు కరగి చర్మమున కంటుకొనును. నూలుబట్టయు నిప్పున కంటుకొనును గనుక జాగ్రత్త రెండింటికిని వలయును. అయినను కరగి యొడలి నంటుకొను ప్రమాదము నూలుబట్టకు లేదు.

ఇక బట్ట దొరకు తావు. మన జిల్లాలోనే పాయకరావుపేట చేనేతకు పేరుపడినది. ఉత్తరమున శ్రీకాకుళము జిల్లాలోని పొందూరు సన్నని ఖద్దరుకు దేశమంతట ప్రసిద్ధము. అచ్చటి స్త్రీలు వాలుగ చేప దవడ యెముకతో దూదిని దువ్వి, నూరవ నంబరు నూలు వడుకుదురు. నూరవ నంబరనగా, ఒక్కొక్కటి 840 గజముల పొడవు గల చిలపలు నూరు తూచిన ఒక పౌను మాత్రమే యుండునని యర్థము. అంత సన్నని బట్ట దినము దినము పొలమునకు కట్టుకొనుటకు కాదు; కాని మన చుట్టుప్రక్కల చేతులలో నెంత నేర్పున్నదో తెలిసికొనుటకు దాని నుదాహరించితిమి. మన పనికి ముతక నూలు తాను చాలును. ఒక్కొక్క యిల్లు రెండు మీటర్లు కొనినచో చిల్లర వెల పడును. నూరిండ్లవారు కలిసి సంఘము ద్వారా తానులకు తానులు తెప్పించినచో ఆ తేడా మనకే మిగులును, నేతగానికిని నికరమైన బేరము దొరకును. చేనేత బట్టను గుర్తించుటకు 2006లో ప్రభుత్వము చేనేత గుర్తు నేర్పరచినది. తెప్పించువారు దానిని చూచుకొనవలెను. 1844లో ఇంగ్లాండులోని రాచ్‌డేలు పట్టణమున 28 మంది, వారిలో పలువురు నేతగాండ్రు, పిండి, వెన్న, చక్కెర కలిసి కొనుటకై పెట్టుకొన్న చిన్న యంగడినుండియే నేటి సహకారోద్యమము పెంపొందినది. గోవాడలో చక్కెర కర్మాగారమునకు వాటాలు కట్టిన రైతుల నాడునకు కలిసి కొనుటలోని బలమును మేము బోధింప నక్కరలేదు.

కుట్టువారికి నాలుగు మాటలు. క్రొత్త నూలుబట్టను కత్తిరించుటకు ముందు ఒక రాత్రి నీటిలో నానవైచి ఆరవేయవలెను. లేనిచో తొలి యుతుకునకే చొక్కా కురచయగును. చంకయు మెడయు వదులుగ నుండవలెను. గాలి ప్రవేశించునది ఆ రెండు తావులనుండియే. లోపలి యంచులను విప్పి విడువక మడచి కుట్టినచో చెమట పట్టిన చర్మమును ఒరయవు. పిల్లల బట్టలకు ప్రక్కలను, అడుగునను రెండంగుళముల మడుపు దాచి యుంచినచో మరు వేసవికి విప్పి పెంచుకొనవచ్చును. రంగు తెలుపుగనో లేతగనో యుండుట మేలు. అల్లిక తెలిసిన సోదరీమణులు ఉన్నిని ఏజెన్సీ కొండల చలికి విడిచి, నూలు దారముతో పసిపిల్లల టోపీలను, రవికెల మెడయంచులను అల్లవచ్చును. కన్నులు పెద్దవిగ నల్లిన నూలు టోపీ ఎండను కొంత యాపును, గాలి నాపదు.

అన్నిటికంటె ముఖ్యమైన వేసవి బట్ట నొకదానిని మన యిండ్లలో నెవరును బట్టగా నెంచుట లేదు. పొలమునకు పోవు స్త్రీ చీరపై తొడుగుకొను చొక్కా యది. చెరకాకు అంచు రంపమువంటిది; చేతులు చీరుకొనిపోవును. అందువలన భర్తదో కుమారునిదో పాతబడిన చొక్కాను ఆమె తొడుగుకొనును. అది పురుషుని కొలతకు కత్తిరించినది. భుజములు జారును, చంకలు బిగియును, గుండీలు సగము రాలిపోయి యుండును, తరచుగా పాలియెస్టరుది. ఉగాదికి ఇంటిల్లిపాదికి బట్టలు కొను మనము, ఇంటిలో నధికముగ నెండ కాయు మనిషికి పనిబట్ట యొకటి కుట్టింపవలెనని తలపకుండుట విచారకరము. ఆమె కొలతకు, మణికట్టు వరకు చేతులు, మెడను కప్పు కాలరు, ముందు రెండు జేబులు గల నూలు చొక్కా కుట్టుటకు 36 అంగుళముల పన్నా గల బట్ట రెండుంబావు మొదలు రెండున్నర మీటర్ల వరకు చాలును. ఈ వేసవిలో మన సభ్యుల యిండ్లలో మొదట కుట్టవలసినది ఇదియేయని మా మనవి.

ఇన్ని చొక్కాలను చేతిసూదితో కుట్టుమనుట స్త్రీలపై మరియొక బరువు మోపుట యగును. యంత్రముల వ్యామోహమును ఖండించిన మహాత్మాగాంధి సయితము 1924లో సింగరు కుట్టుమిషనును తన యాక్షేపణనుండి మినహాయించెను; మనిషి శ్రమను తగ్గించి, మనిషిని తొలగింపని యంత్రము మంచిదని ఆయన భావము. ఇంటింటికి మిషను కొనలేకపోయినను, సంఘము గదిలో రెండు మిషనులుంచి వంతులవారిగా వాడుకొనుట కష్టము కాదు. దర్జీల జీవనమునకు దీనివలన హాని కలుగదా యని కొందరడుగవచ్చును. గ్రామమున దర్జీ పనిని ఈపాటికే తగ్గించినవి రెడీమేడు బట్టలు. కొలతయు కత్తిరింపును నేర్పుటకు ఆ దర్జీనే జీతమిచ్చి పిలువవలెను. కత్తిరింపు తప్పిన బట్టను ఎంత చక్కగ కుట్టినను ప్రయోజనము లేదు.

ఇక మా మూడవ మాట. ఇంటి కుట్టుపనిని గూర్చి వ్రాయు ప్రతివారును “స్త్రీలు తీరిక వేళలలో చేసికొనదగిన పని” యని వ్రాయుదురు. ఆ తీరిక యెక్కడున్నది? మాఘ ఫాల్గుణములలో ఒక ప్రక్క చెరకు నరుకుడు, మరియొక ప్రక్క ముచ్చెలు నాటుట, పిదప కలుపు, వీనికి తోడు పాడి, వంట, నీరు, పిల్లలు. రాత్రి దీపమువద్ద సూది పట్టిన స్త్రీ తీరికలో లేదు. ఆమె మరియొక పనిలో నున్నది. “తీరిక” యను పేరు పెట్టినంతనే ఆ పనికి వెల లేకుండ పోవును.

దీనికి దృష్టాంతము గోదావరి తీరమున నరసాపురము. పంతొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక ఆ ప్రాంతపు గ్రామములలో వేలాది యిండ్లకు వ్యాపించి, విదేశములకు ఎగుమతి కాజొచ్చినది. మరియా మీస్ అను జర్మను పండితురాలు అచ్చట పరిశోధించి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఒకరు పూవులల్లుదురు, మరియొకరు వానిని జతపరచు అతుకుపని చేయుదురు. పూర్తియైన వస్తువు ఎవరికి, ఎంతకు అమ్ముడుపోవునో అల్లిన చేతికి తెలియదు. వర్తకులు వారిని కార్మికురాండ్రుగా కాక, ఇంట కూర్చుండి పొద్దుపుచ్చు గృహిణులుగా నెంచిరి. అందుచే దినమున చాల గంటలు అల్లినను కూలికి వెళ్లినవారికి దొరకు పాటి సొమ్మయినను దొరకలేదని ఆమె తేల్చెను. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషమే. కాని వస్తువునకు గౌరవము వచ్చినంత మాత్రమున చేతికి వెల వచ్చినట్లు కాదు. ఆ వెలను ఎవరో ఒకరు కూర్చుండి లెక్క కట్టవలెను.

ఆ లెక్క యెట్లుండవలెనో చూపుదుము. 2025–26 సంవత్సరమునకు గ్రామీణ ఉపాధి హామీ పథకము క్రింద ఆంధ్రప్రదేశమున నిర్ణయింపబడిన దినకూలి 307 రూపాయలు. దినమునకు ఎనిమిది గంటలని భాగించినచో గంటకు 38 రూపాయల చిల్లర. మిషనుపై ఒక చొక్కాకు మూడు గంటలు పట్టినదనుకొందము. కుట్టుకూలి సుమారు 115 రూపాయలు. చేతిసూదితో ఎనిమిది గంటలు పట్టినచో 307 రూపాయలు. బట్టయు, దారమును, గుండీలును దీనిపై వేరు. ఎవడేని వర్తకుడు వచ్చి, “ఇంటనుండి చేయు పనియే కదా” యని మిషను కుట్టునకు 30 రూపాయలు చేతిలో పెట్టినచో, గంటకు 10 రూపాయలే యిచ్చినవాడగును. మట్టిపనికి 38 రూపాయలు, నేర్పు గల కుట్టునకు 10 రూపాయలు! కాగితముపై వ్రాసినచో ఈ యన్యాయము పసిబాలునకును తెలియును. వ్రాయనిచో ఇంటి యజమానికిని తెలియదు.

“ఇంటివారికి కుట్టిన బట్టకు కూలి యేమి?” యని నవ్వువారికి మా సమాధానమిది. తల్లి బిడ్డకు కుట్టిన చొక్కాకు కూలి యిమ్మని మేమనుట లేదు, గంటలు వ్రాయుమనుచున్నాము. ఎరువునకు లెక్క వ్రాయుదుము, డీజిలుకు లెక్క వ్రాయుదుము, ఎడ్ల మేతకు లెక్క వ్రాయుదుము. ఇంటిలోని నేర్పునకు మాత్రము లెక్క లేదు. ఒక వేసవిలో ఎన్ని గంటలు కుట్టెనో, అంగడి ఖర్చు ఎంత తగ్గెనో పుస్తకమున కనబడిననాడు, ఆ యింట నామె మాటకు బరువు పెరుగును. అమ్మకమునకు కుట్టునప్పుడు తక్కువ వెలకు ఒప్పుకొనకుండుటకును ఆ పుస్తకమే ధైర్యమిచ్చును.

కావున రాబోవు సర్వసభ్య సమావేశమున మూడు సంగతులు తీర్మానింప మేము కోరుచున్నాము. చైత్ర మాసములోనే నేతగాండ్రనుండి నూలు తానులు సంఘము పేర తెప్పించి కొన్న వెలకే సభ్యుల కిచ్చుట. రెండు కుట్టుమిషనులును, కత్తిరింపు నేర్పు దర్జీకి రెండు మాసముల జీతమును మంజూరు చేయుట. సంఘము ద్వారా అమ్ముడుపోవు ప్రతి బట్టపైనను బట్ట వెల, కుట్టు గంటలు, కుట్టుకూలి వేర్వేరుగ వ్రాసి, గంట వెల ప్రభుత్వపు దినకూలికి తగ్గకుండ చూచుట. ఈ మూడవదానిని చదివి వినిపింపవలసినది పురుష సభ్యులకు మాత్రమే కాదు. ఆనాటి సమావేశమునకు కుట్టుపని చేయు స్త్రీలనుగూడ పిలిపించి, లెక్క సరియో కాదో మొదట వారినే అడుగవలెను.