మొక్కింది నడకకే గానీ పుండుకు కాదు

కొన్నేళ్ల కిందటి ధనుర్మాసపు మాట. మైపాడుకు దగ్గరి ఒక పల్లె నుంచి తిరుమలకు కాలినడకన వెళ్లి మొక్కు తీర్చుకుని వచ్చిన ఒక నడివయసు స్త్రీ నా దగ్గరకు వచ్చింది. చలిజ్వరమని, కాళ్లనొప్పులని చెప్పింది. కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తున్న తీరు చూసి నాకు అనుమానం వచ్చింది. గుచ్చి గుచ్చి అడిగితే, వెంట వచ్చిన కోడలు చెప్పింది. నడక మొదలైన రెండో రోజుకే తొడలు ఒరుసుకుపోయాయట. తోటి యాత్రికులు ఎవరో ఇచ్చిన మలాం రాసుకుంటూ, తడిసిన చీరతోనే కొండదాకా నడిచిందట. నేను చూసేనాటికి తొడల లోపలి భాగమంతా చీము పట్టి, గజ్జలో బిళ్ల కట్టి ఉంది. ఆమెకు చక్కెర వ్యాధి కూడా ఉంది. పది రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది.

"మొదటి రోజే ఎవరికైనా చూపించి ఉండకూడదా అమ్మా?" అని అడిగాను.

"యాడ చూపించేది సారూ? దేవుడి కాడికి పోతా తొడలు మండతన్నాయని ఎవురికి చెప్పేది?" అంది.

ఆ ప్రశ్నకు ఆనాడు నా దగ్గర జవాబు లేదు. ఆలోచించగా రెండు విషయాలు తోచాయి. ఒకటి, ఆ పుండు పూర్తిగా నివారించదగినది. రెండు, దానిని నివారించే బాధ్యత నడిచే మనిషి ఒక్కరిదే కాదు, దారి పొడవునా పందిళ్లు వేసే మన అందరిదీ.

చర్మం ఎందుకు ఒరుసుకుపోతుంది?

నెల్లూరు నుంచి గూడూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా తిరుపతికి దాదాపు 130 కిలోమీటర్లు. సముద్రపు ఒడ్డు పల్లెల నుంచి బయలుదేరేవారికి మరో పాతిక కిలోమీటర్లు అదనం. అంటే సుమారు రెండు లక్షల అడుగులు. అడుగడుక్కీ ఒక తొడ రెండో తొడకు రాసుకుంటుంది. ఆపైన అలిపిరి మెట్ల దారిలో 3,550 మెట్లు. మెట్లెక్కేటప్పుడు ఈ రాపిడి ఇంకా ఎక్కువ.

పొడి చర్మం ఈ రాపిడిని చాలావరకు ఓర్చుకుంటుంది. తడి చర్మం ఓర్చుకోలేదు. గంటల తరబడి చెమటలో నానిన పైపొర మెత్తబడి, ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుంటుంది. అంటుకున్నది లాగబడితే చిట్లుతుంది. చెమట ఆరినచోట మిగిలే ఉప్పు సన్నని ఇసుకలా పనిచేస్తుంది. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ కనుక చెమట త్వరగా ఆరదు. పైగా మొక్కులవాళ్లు ఎక్కువగా నడిచే కార్తీకం నుంచి ధనుర్మాసం దాకా ఈశాన్య రుతుపవనాల వానలు ఉంటాయి. బట్ట తడుస్తుంది, ఆరే దారి ఉండదు. బయలుదేరే ముందు సముద్రస్నానం చేసి, మంచినీళ్లు పోసుకోకుండా నడక మొదలుపెట్టేవారికి ఒంటిమీద ఉప్పు ముందే సిద్ధంగా ఉంటుంది.

తొడలే కాదు, చంకలు, రొమ్ముల కింది మడతలు, పిరుదుల మధ్య భాగం, లంగా బొందు బిగిసే నడుము, సంచి పట్టీ ఒరిసే భుజం, కాలివేళ్ల సందులు, పురుషులలో చనుమొనలు కూడా ఒరుసుకుపోతాయి. లావుగా ఉన్నవారికే ఈ బాధ అనుకోవడం పొరపాటు. బక్కపలుచని పరుగుపందెగాళ్లు కూడా దీని బారిన పడతారు.

చిన్న పుండు పెద్ద జబ్బుకు వాకిలి

"రెండు రోజులుంటే అదే మానుతుంది" అనేది చాలామంది ధోరణి. ఆరోగ్యవంతుడు ఇంట్లో కూర్చుంటే నిజంగానే మానుతుంది. కానీ నడక ఆగదు, చెమట ఆగదు. చిట్లిన చర్మంలోంచి సూక్ష్మజీవులు లోపలికి వెళతాయి. చక్కెర వ్యాధి అదుపులో లేనివారిలో ఇది వేగంగా విస్తరిస్తుంది.

మన తీరప్రాంతానికి మరో ప్రత్యేకమైన కారణం ఉంది. నెల్లూరు తీరం బోదకాలు వ్యాధి తరతరాలుగా ఉన్న ప్రాంతం. బోదకాలు ఉన్నవారికి మాటిమాటికీ వచ్చే చలిజ్వరం, కాలు ఎర్రబడి వాయడం, గజ్జల్లో బిళ్ల కట్టడం చాలావరకు పురుగుల వల్ల కాదు. వేళ్ల సందుల్లోని పగుళ్ల నుంచి, చిట్లిన చర్మం నుంచి లోపలికి దూరిన బాక్టీరియా వల్ల. అలా వచ్చిన ప్రతిసారీ వాపు మరికొంత పెరుగుతుంది. అందుకే రోజూ కాలిని సబ్బుతో, నీటితో కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడుచుకోవడం బోదకాలు సంరక్షణలో ముఖ్యభాగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది మానేసి వాన నీటిలో, బురదలో వంద కిలోమీటర్లు నడిస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

బయలుదేరే ముందు

మొక్కుబడి నడకకు కొత్త బట్టలు కట్టుకోవడం మన ఆచారం. కొత్త బట్టలో గంజి ఉంటుంది, అంచులు గరుకుగా ఉంటాయి. ముందే రెండుసార్లు ఉతికి మెత్తబరచి కట్టుకోండి. పంచె లోపలైనా, చీర లోపలైనా తొడ సగం దాకా వచ్చే, ఒంటికి హత్తుకునే లోదుస్తు వేసుకోవడం అన్నిటికంటే మేలైన ఉపాయం. అప్పుడు చర్మం చర్మానికి తగలదు. రాపిడి బట్ట మీద పడుతుంది. నూలు బట్ట చల్లన నిజమే, కానీ తడిస్తే నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది. ఆటగాళ్లు వేసుకునే, త్వరగా ఆరే బట్టతో కుట్టినది దొరికితే మంచిది. దొరకకపోతే నూలువే మూడు జతలు ఉంచుకుని, తడిసిన ప్రతిసారీ మార్చుకోండి.

నడక మొదలయ్యే ముందు, పొడిగా ఉన్న చర్మం మీద పెట్రోలియం జెల్లీ పలుచగా రాసుకోండి. మూడు నాలుగు గంటలకొకసారి, తుడుచుకున్న తరువాత మళ్లీ రాయాలి. కొబ్బరినూనె కొంత పనిచేస్తుంది గానీ త్వరగా పోతుంది. చాలామంది చల్లుకునే పౌడరు చెమటతో కలిసి ముద్దకట్టి, మడతల్లో గరుకు పెంచుతుంది. గజ్జలలో వెంట్రుకలు ముందురోజే గొరిగించుకోవద్దు. కత్తి చేసే కంటికి కనపడని గాట్లు, మొలిచే ముళ్లవంటి వెంట్రుకలు రాపిడిని రెట్టింపు చేస్తాయి.

నీళ్లు తక్కువైతే

నిండు స్నానం కుదరని రోజున ఒక లీటరు నీళ్లు, రెండు మెత్తని గుడ్డలు చాలు. ముఖం, చంకలు, రొమ్ముల కింద, నడుము, ఆ తరువాత గజ్జలు, చివరికి పాదాలు: ఈ వరుసలో తుడుచుకోండి. గజ్జలకూ పాదాలకూ ఒకే గుడ్డ వాడవద్దు. కాలివేళ్ల సందుల్లోని బూజు గజ్జలకు ఎక్కడానికి అదే రాచబాట. రుద్దవద్దు, అద్దండి. తడి ఆరాకే బట్ట కట్టుకోండి. రాత్రి పడుకునేటప్పుడు వదులైన పొడిబట్ట కట్టుకుని చర్మానికి గాలి తగలనివ్వండి.

స్త్రీలకు ప్రత్యేకంగా ఒక మాట. మరుగు దొరకదని నీళ్లు తాగడం మానవద్దు. చెమట పోస్తూ నీళ్లు తాగకపోతే వడదెబ్బకూ, మూత్రంలో మంటకూ దారి తీస్తుంది. నెలసరి ప్యాడు నాలుగైదు గంటలకొకసారి మార్చుకోవాలి. నడకలో ప్యాడు అంచే తొడను కోస్తుంది.

మంట మొదలైన వెంటనే, పుండు కాకముందే ఆగండి. మంచినీళ్లతో కడిగి, అద్ది, జెల్లీ గానీ జింకు ఆక్సైడు మలాం గానీ రాయండి. స్పిరిటు, నిమ్మరసం, నీళ్లు కలపని క్రిమినాశక ద్రవాలు చిట్లిన చర్మాన్ని కాల్చివేస్తాయి. ఎరుపు పాకినా, చీము కనిపించినా, జ్వరం వచ్చినా, గజ్జలో బిళ్ల కట్టినా నడక అక్కడితో ఆపి వైద్యుడిని కలవాలి. చక్కెర వ్యాధి ఉన్నవారు, బోదకాలు ఉన్నవారు ఈ లక్షణాల దాకా కూడా ఆగకూడదు.

ఆ మలాం సంగతి

ఆమెకు తోటివారు ఇచ్చిన మలాం గొట్టాన్ని నేను చూశాను. మన ప్రాంతంలో ఎన్నో ఇళ్లలో కనిపించే రకమే: బూజు మందు, బాక్టీరియా మందు, ఘాటైన స్టెరాయిడు మూడూ కలిపినది. రాసిన రెండో రోజుకే మంట, దురద తగ్గినట్లుంటాయి. ఎందుకంటే స్టెరాయిడు చర్మం ప్రతిఘటనను అణచివేస్తుంది. ఆ చాటున బూజు, చీము హాయిగా విస్తరిస్తాయి. వాడుక సాగితే చర్మం పలుచబడి, తొడల మీద జీవితాంతం పోని చారలు పడతాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి అనేక స్టెరాయిడు పూతమందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని కట్టడి చేసింది. అయినా అవి చేతులు మారుతూనే ఉన్నాయి. దేశమంతటా మొండి తామర ప్రబలడానికి ఈ దుర్వినియోగం ఒక ముఖ్య కారణమని చర్మవైద్యులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. సాధారణ మందులకు లొంగని ఒక తామర బూజుకు 2020లో శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో మన దేశం పేరు చేరింది: ట్రైకోఫైటాన్ ఇండోటినియే. ఈ కీర్తి మనకు అక్కరలేదు.

పులిహోరతో పాటు ఒక తెర

ఇక నా అసలు అభ్యర్థన. మొక్కులవాళ్లు నడిచే దారుల్లో మన జనం చూపే ఆదరణ చేతులెత్తి మొక్కదగినది. మజ్జిగ, పులిహోర, పాలు, పండ్లు. ఆకలితో ఎవరూ పడుకోరు. కానీ ఒక స్త్రీ పది నిమిషాలు తలుపు వేసుకుని కాళ్లు కడుక్కుని, తడిబట్ట విడిచి, పొడిబట్ట కట్టుకునే చోటు ఎన్ని పందిళ్ల దగ్గర ఉంది? "యాడ చూపించేది సారూ" అన్న మాటకు ముందు "యాడ మార్చుకునేది" అన్న ప్రశ్న ఉంది.

నాలుగు గుంజలకు టార్పాలిన్ చుట్టి, పైన బట్టలు వేసుకోవడానికి ఒక తాడు కట్టి, ఒక డ్రమ్ము నీళ్లు, రెండు బక్కెట్లు, సబ్బు, ప్యాడ్లు వేయడానికి మూత ఉన్న డబ్బా, రాత్రికి ఒక దీపం పెట్టండి. ఒక పూట అన్నదానానికయ్యే ఖర్చు కూడా కాదు. స్త్రీలకు ఒకటి, పురుషులకు ఒకటి. పక్కన ఒక జెల్లీ డబ్బా, శుభ్రమైన పాత నూలుగుడ్డలు ఉంచితే మరీ మంచిది. స్టెరాయిడు మలాములు మాత్రం దయచేసి పంచవద్దు. మహారాష్ట్రలో ఆషాఢ మాసాన పండరిపురానికి నడిచే లక్షలాది వార్కరీల కోసం 'నిర్మల వారీ' పేరిట సంచార మరుగుదొడ్లు దారిపొడవునా నిలుపుతున్నారు. అక్కడ సాధ్యమైనది ఇక్కడ అసాధ్యం కాదు. మన ఆలయ సేవాసంఘాలు, పంచాయతీలు, పందిళ్లు వేసే వర్తకులు ఈ ధనుర్మాసానికే మొదలుపెట్టవచ్చు.

"ఒళ్లు నొప్పి పడితేనే మొక్కు చెల్లుతుంది" అని కొందరు పెద్దలు నాతో వాదించారు. నడకలోని శ్రమ మొక్కులో భాగమే, కాదనను. ఎండ, ఆకలి, కాళ్లనొప్పి ఓర్చుకోవడంలో ఒక తపస్సు ఉంది. కానీ పుండును దాచుకోవడంలో తపస్సు లేదు; సిగ్గు మాత్రమే ఉంది. పతంజలి చెప్పిన నియమాలలో మొదటిది శౌచం. స్నానం చేయనిదే గడప దాటి గుడిలోకి అడుగుపెట్టని మనం, అదే గుడికి వెళ్లే దారిలో చీము ఓడే చర్మాన్ని భక్తి అనుకోవడం ఏ శాస్త్రానికి సమ్మతం?

ఆమె కోలుకుంది. మరుసటి ఏడు మళ్లీ నడుస్తానంది. నేను వద్దనలేదు. మోకాళ్ల దాకా వచ్చే లోదుస్తులు రెండు కుట్టించుకోమని, చక్కెర చూపించుకుని వెళ్లమని, కోడలిని వెంట తీసుకెళ్లమని చెప్పాను. తిరిగి వచ్చాక కోడలి చేత ప్రసాదం పంపింది. ఈసారి జ్వరం రాలేదని, దారిలో ఒక రైతు తన బోరు షెడ్డు తలుపు తీసిచ్చి ఆడవాళ్లందరినీ కడుక్కోనిచ్చాడని ఆ అమ్మాయి చెప్పింది. ఆ రైతు ఎవరో నాకు తెలియదు. అటువంటి తలుపులు ఆ దారిలో మరికొన్ని తెరుచుకోవాలని నా కోరిక. నడిచేవారందరూ క్షేమంగా వెళ్లి లాభంగా రండి.