ఒంటరిగా అలాస్కాకు

హైదరాబాద్ నల్లకుంట, అశోక్‌నగర్ ఇళ్లలో పిల్లలు సియాటిల్‌లో ఉన్న పెద్దవాళ్లకు కొదవ లేదు. వెళ్లి, మనవల్ని చూసుకుని, తిరిగొచ్చేస్తారు. ఆ ఊరి రేవు నుంచే వేసవంతా అలాస్కాకు ఓడలు వెళ్తాయని తెలిసినా, "ఒక్కదాన్నే ఎలా వెళ్లను?" అని ఆగిపోయే అమ్మల కోసమే ఈ సంచిక.

1830లో 'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఏనుగుల వీరాస్వామయ్య పెద్ద పరివారంతో కాశీకి కదిలారు. ఆ రోజుల్లో అది తప్పేది కాదు. ఇప్పుడు ఓడలోనే భోజనం, పడక, వైద్యుడు. అలాస్కా రాజధాని జూనోకి బయటి నుంచి రోడ్డే లేదు. ఓడో విమానమో ఎక్కాల్సిందే. గ్లేసియర్ బేలో మంచుగోడ విరిగిపడటం ముందు కంటికి కనిపిస్తుంది. ఆ ఫెళఫెళ క్షణమో రెండు క్షణాలో ఆగి చెవికి చేరుతుంది. ఆ కాస్త వ్యవధిలో పక్కన ఎవరూ మాట్లాడకపోవడమే మేలు.

కెనడాలోని వాంకూవర్‌లో ఓడెక్కి అలాస్కాలోని సీవర్డ్‌లో దిగేవారు అక్కణ్ణుంచి రైల్లో డెనాలి దాకా వెళ్లొచ్చు. 6,190 మీటర్ల ఆ శిఖరం తరచూ మబ్బుల చాటునే ఉంటుంది, రెండు రాత్రులైనా ఆగండి.

ఖర్చు మాట దాచను. గదికి ఇద్దరి లెక్కన ధర కడతారు. ఒక్కరే వెళ్తే చాలాసార్లు రెండో మనిషి డబ్బూ మనమే కట్టాలి. ఇది అన్యాయం. కొన్ని ఓడల్లో ఒక్కరికే సరిపడే చిన్న గదులుంటాయి, ముందే అడగండి. సియాటిల్ ఓడలూ మామూలుగా కెనడా రేవులో ఆగుతాయి కనుక ఆ వీసా సంగతీ చూసుకోండి. స్వెటర్ కంటే ముందు వానకోటు సర్దుకోండి. దారిలోని కెచికాన్‌ రేవులో వానే వాన.