నవ్వునకు సంకెలయా?

2014 జూనులో టీవీ9 తెలంగాణ శాసనసభ్యులను ఎగతాళి చేసినదని కేబుల్ వ్యాపారులు దాని ప్రసారములను నిలిపివైచిరి. ఆ ఎగతాళి మోటైనదే యని మా యభిప్రాయము. కాని నోరు నొక్కుట దానికి ప్రత్యుత్తరము కాఁజాలదు.

సరియైన ప్రత్యుత్తరమును పిదప వీ6 ‘తీన్మార్ వార్తల’లో బిత్తిరి సత్తి యిచ్చెను. చలనచిత్రములు చిరకాలము హాస్యగానికిని దుష్టునికిని కేటాయించిన తెలంగాణపు పలుకుబడితోనే యాతఁడు నాయకులను పరిహసించి, సికిందరాబాదు కార్ఖానా యంగళ్లలోను, పల్లె యరుగులమీఁదను మన్నన గాంచెను. అది గ్రామ్యమని కొందఱు ముక్కు విఱుతురు. ప్రజల నవ్వు ప్రజల భాషలోఁగాక మఱి యే భాషలో నుండును?

పరీక్ష యొక్కటే. విదూషకుఁడు రాజును జూచి నవ్వవలయును. తన్నుఁ బోషించు యజమానునిఁ గూడ విడువరాదు. విడిచెనా, అది హాస్యము గాదు, కొలువు.